మొహం అమెరికాది... గుండె ఎవరిది?

హవానా వీధుల్లో తిరిగే పాత అమెరికన్ కార్లు చూడ్డానికి పెళ్లికూతుళ్లలా మెరిసిపోతుంటాయి. బానెట్ ఎత్తితే మాత్రం లోపల రష్యా ఉండొచ్చు, జపాన్ ఉండొచ్చు, కొరియా కూడా ఉండొచ్చు! ఇంతకీ ఓ పాత కారులో ఉన్నది దానితో పాటు పుట్టిన ఇంజిన్ అవునో కాదో కనిపెట్టడం ఎలా? క్యూబా రాజధానిలో ఓ చుట్టు చుట్టొస్తే సగం తెలిసిపోతుంది. మిగతా సగం తెలియాలంటే సముద్రం దాటాలి.

ఉదయం తొమ్మిది గంటలు. హవానా నడిబొడ్డున పార్కే సెంట్రల్ అనే చిన్న ఉద్యానవనం. దాని పక్కన వరసగా నిలబడిన కార్లు... ఒకటి గులాబీ రంగు, ఇంకోటి నిమ్మపండు పసుపు, మరోటి ఆకాశనీలం. అన్నీ 1950ల నాటివే. వెనక చేప రెక్కల్లాంటి తోకలు, ముందు మిడిగుడ్లలాంటి దీపాలు, మూతి నిండా తళతళలాడే క్రోమియం. వాటి వెనక 1929లో పూర్తయిన కాపిటోలియో భవనం గుమ్మటం. కెమెరా తీయని పర్యాటకుడుండడు.

బేరం కుదురుతుంది. పర్యాటకులు ఎక్కి కూర్చుంటారు. డ్రైవరు తాళం తిప్పి, ఒక్క క్షణం ఆగుతాడు. ఆ తర్వాత... డగ్ డగ్ డగ్ డగ్!

ఎదురుగా ఉన్నది 1957 నాటి షెవర్లే బెల్ ఎయిర్. చప్పుడు మాత్రం ధాన్యం బస్తాలు మోసుకెళ్లే వ్యానుది. పెట్రోలు తాగే అమెరికా దొరసాని గొంతులోంచి డీజిల్ మోత! హవానా వాసులు దాన్ని పట్టించుకోరు. వాళ్లకది రోజూ వినే పాటే.

నిలిచిపోయిన గడియారం

ఇలా ఎందుకైందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1950ల్లో అమెరికాలో తయారైన కొత్త మోడల్ కారు ఏదైనా సరే, కొన్నాళ్లకే ఓడెక్కి హవానా రేవులో దిగేది. షెవర్లే, ఫోర్డ్, ప్లిమత్, బ్యూక్, పాంటియాక్, కాడిలాక్... అన్నీ ఇక్కడి రోడ్ల మీద తిరిగాయి. 1959 జనవరి 1న విప్లవం గెలిచింది. ఫిడెల్ కాస్ట్రో అధికారంలోకి వచ్చాడు. 1960లో అమెరికా ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టింది. 1962 ఫిబ్రవరికల్లా వాణిజ్యం మొత్తం బంద్! కొత్త కార్లు రాలేదు సరే, ఉన్న కార్లకి ఓ చిన్న బేరింగు కూడా రాలేదు.

దానికి తోడు స్వదేశీ చట్టం ఒకటి. విప్లవానికి ముందే దేశంలో ఉన్న కార్లను మాత్రమే జనం స్వేచ్ఛగా అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. 2011 దాకా ఇదే పద్ధతి. అందుకే తాతగారి షెవర్లే మన పల్లెల్లో మాగాణి ఎకరంలాంటిదైపోయింది. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి! 2014లో ప్రభుత్వ షోరూముల్లో కొత్త కార్లు అమ్మకానికి పెడితే, పెజో 508 ధర రెండు లక్షల అరవై వేల డాలర్లు దాటింది. ఆ ధర చూసి జనం ఇంటికొచ్చి పాత కారునే మళ్లీ తుడుచుకున్నారు.

బండి ఉంది, ఇంజిన్ అరిగిపోయింది. ఏం చేయాలి? సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన వోల్గా, లాడా, మాస్క్విచ్ కార్ల విడిభాగాలు ఆదుకున్నాయి. 1991లో ఆ దేశమే విడిపోయేసరికి క్యూబాకి పెట్రోలు కరవొచ్చింది. పాత అమెరికన్ వి-8 ఇంజిన్ లీటరుకి ఐదారు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. దాంతో డీజిల్ ఇంజిన్ల వేట మొదలైంది. పెర్కిన్స్, టొయోటా, మిత్సుబిషి, హ్యుందాయ్... దొరికిందల్లా షెవర్లే కడుపులోకి వెళ్లింది. సరిపోకపోతే? మెకానిక్ సరిపోయేట్టు చేశాడు! ఇంజిన్ నిలబెట్టే దిమ్మెలు కొత్తగా అతికాడు, గేరుబాక్సు మార్చాడు, రేడియేటరు ఇంకోదాన్నుంచి తెచ్చాడు. బ్రేక్ ఆయిల్ దొరకని రోజుల్లో షాంపూ కలిపి నడిపిన వాళ్లున్నారని అక్కడ చెప్పుకుంటారు.

ఇలాంటి అమెరికన్ కార్లు దేశంలో దాదాపు 60 వేలు ఉంటాయని అంచనా. జనం వీటిని ముద్దుగా ‘అల్మెండ్రోన్’ అంటారు. పెద్ద బాదంకాయ అని అర్థం. ఆ గుండ్రటి ఆకారం చూసి పెట్టిన పేరు.

బానెట్ ఎత్తకముందే...

అసలు ఇంజినా కాదా అన్నది కనిపెట్టడానికి హవానాలో భూతద్దం అక్కర్లేదు. చెవులూ, ముక్కూ, కళ్లూ చాలు.

ముందు చెవులు. పాత షెవర్లేలలో ఎక్కువగా వచ్చినవి రెండే రకాల ఇంజిన్లు. ఒకటి వరసగా ఆరు సిలిండర్లున్న పెట్రోలు ఇంజిన్. కుట్టుమిషన్‌లా నిదానంగా సాగుతుంది. రెండోది 1955లో వచ్చిన వి-8. దానిది గొంతులో గురగురలాడే బరువైన స్వరం. ఈ రెండూ కాకుండా ఇనుప డబ్బాలో గులకరాళ్లు పోసి కదిపినట్టుంటే అది డీజిలే. తాళం తిప్పాక డ్రైవరు ఒక్క క్షణం ఆగాడని చెప్పుకున్నాం కదా... అది హీటర్ ప్లగ్గులు వేడెక్కడం కోసం. పెట్రోలు బండికి ఆ ఆగడం ఉండదు.

ఆ తర్వాత ముక్కు. వాసనే చెప్పేస్తుంది. ఇక కళ్లు... స్టీరింగు కిందున్న గేరు రాడ్డు చూడాలి. అప్పటి అమెరికన్ కార్లలో గేర్లు స్టీరింగు పక్కనే, మన పాత అంబాసిడర్‌లోలాగే. అది ఖాళీగా ఉండి, కింద నేల మీద నుంచి ఐదు గేర్ల రాడ్డు మొలిచి ఉంటే ఆ ఇంజినూ గేరుబాక్సూ రెండూ వేరే బండివన్న మాట.

ముక్కు మీద బొమ్మ కూడా చాలా చెబుతుంది. 1957 షెవర్లేలో వి-8 ఇంజిన్ ఉంటే బానెట్ మీదా, డిక్కీ మీదా వెడల్పాటి ‘వి’ గుర్తు ఉండేది. ఆరు సిలిండర్ల బండికి అది ఉండదు. 1955 మోడల్‌లో అయితే ఆ ‘వి’ వెనక దీపాల కింద. ఇప్పుడు హవానాలో బానెట్ మీద బంగారు రంగు ‘వి’ పెట్టుకుని, లోపల నాలుగు సిలిండర్ల డీజిల్‌తో తిరిగే కార్లు కోకొల్లలు. గుర్తు ఊడిపోలేదు, ఇంజినే మారిపోయింది!

అన్నట్టు, ఆ టాపు లేని కార్లన్నీ పుట్టుకతో అలాంటివేననుకుంటే పొరపాటే. పర్యాటకులకు టాపు లేని బండంటే మోజు. అందుకని మామూలు కారుకే పైకప్పు కోసేసినవి చాలా ఉన్నాయి.

బానెట్ ఎత్తాక...

ఇక అసలు పరీక్ష. మనుషులకి పుట్టుమచ్చల్లాగా ఇంజిన్లకీ గుర్తులుంటాయి. 1957 షెవర్లే వి-8నే తీసుకుంటే, చూడాల్సిన చోట్లు నాలుగు.

మొదటిది కారు తలుపు దగ్గర. ఎడమవైపు ముందు తలుపు తీస్తే కమ్మీ మీద చిన్న రేకు ఉంటుంది. అందులో కారు నంబరు. అది ‘వి’ అక్షరంతో మొదలైతే ఆ కారు ఫ్యాక్టరీ నుంచి వి-8తో బయటికొచ్చినట్టు. ‘వి’ లేకపోతే ఆరు సిలిండర్లతో. ఇది తెలియక ఆరు సిలిండర్ల కారులో తర్వాత పెట్టిన వి-8ని చూసి ‘ఒరిజినల్’ అని మురిసిపోయినవాళ్లు అమెరికాలోనూ ఉన్నారు.

రెండోది ఇంజిన్ దిమ్మె వెనక అంచు. అక్కడ పోత పోసినప్పుడే అచ్చులో వచ్చిన ఉబ్బెత్తు అంకెలుంటాయి. 1957 నాటి 283 ఘనపు అంగుళాల ఇంజిన్‌కి 3731548 అన్న నంబరు కనిపిస్తుంది. ఇది ఏ రకం ఇంజినో చెప్పే నంబరు. ఆ రకం దిమ్మెలన్నిటి మీదా ఇదే ఉంటుంది.

మూడోది పోత పోసిన తేదీ. అదీ వెనక అంచులోనే, కుడివైపు. ముందొక ఇంగ్లిషు అక్షరం, తర్వాత అంకెలు. ఏ అంటే జనవరి, బి అంటే ఫిబ్రవరి... అలా ఎల్ దాకా పన్నెండు నెలలు. ‘సి 14 7’ అని ఉంటే మార్చి 14, ఏడో సంవత్సరం. ఏ ఏడు? 1957 కావచ్చు, 1967 కూడా కావచ్చు! అందుకే తేదీ ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. రకం నంబరు కూడా కలిస్తేనే లెక్క తేలుతుంది.

నాలుగోది ఇంజిన్ ముందు భాగంలో కుడి సిలిండర్ హెడ్ అంచున ఉండే చదునైన గచ్చులాంటి చోటు. ఇంజిన్ బిగించిన రోజు కార్మికుడు అక్కడ సుత్తితో అక్షరాలు కొట్టేవాడు. ‘ఎఫ్ 320’ అని ఉంటే మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ ఫ్యాక్టరీ, మార్చి 20 అని. దాని పక్కనున్న అక్షరం ఇంజిన్ ఏ గేరుబాక్సుకి, ఎంత శక్తికి సంబంధించినదో చెబుతుంది.

ఇప్పుడు లెక్క సులువు. ముందు పోత, తర్వాత బిగింపు, ఆ తర్వాత కారు తయారీ. ఈ వరస తప్పకూడదు. కారు ఏప్రిల్‌లో తయారై, ఇంజిన్ జూన్‌లో పోత పోసినదైతే? బిడ్డ పుట్టాక గుండె పుట్టినట్టు! అది కచ్చితంగా మార్చిన ఇంజినే.

తేదీలన్నీ సరిపోయాయనుకోండి. అప్పుడైనా ఇదే ఆ ఇంజిన్ అని చెప్పేయొచ్చా? చెప్పలేం. అప్పట్లో ఈ షెవర్లే ఇంజిన్ల మీద కారు నంబరు కొట్టేవాళ్లు కాదు. 1960ల చివరికొచ్చాకే ఆ కంపెనీ కార్లన్నిటికీ, కారు నంబరులో కొంత భాగం ఇంజిన్ మీద కొట్టే పద్ధతి స్థిరపడింది. అంటే 1957 కారు విషయంలో అంకెలు ‘ఇది కాదు’ అని గట్టిగా చెప్పగలవు. ‘ఇదే’ అని మాత్రం చెప్పలేవు. ‘కావచ్చు’ దగ్గరే ఆగిపోతాయి. ఆ మిగతా కొంచెం నమ్మకం కాగితాల నుంచి రావాలి... కొన్నప్పటి బిల్లు, పాత రిపేరు రసీదులు, మొదటి యజమాని ఇంట్లో ఫొటోలు.

తొంభై మైళ్ల తేడా

హవానా తీరాన మాలెకోన్ అనే పొడవాటి సముద్రపు గోడ ఉంది. పర్యాటకుల కార్లు పార్కు దగ్గర బయల్దేరి, ప్రాదో వీధి మీదుగా ఆ గోడ వెంట సాగుతాయి. అలలు ఎగిసినప్పుడు ఉప్పునీళ్లు రోడ్డు మీద పడి, ఆ క్రోమియాన్నీ ఇనుమునీ రోజూ కాస్త కాస్త తింటూనే ఉంటాయి. ఆ గోడ మీద కూర్చుని ఉత్తరం వైపు చూస్తే కనుచూపు మేర నీళ్లే. వాటికి అవతల, దాదాపు 90 మైళ్ల దూరంలో, ఫ్లోరిడా రాష్ట్రంలోని కీ వెస్ట్.

అవతలి ఒడ్డున ఇదే కారుకి లెక్క తలకిందులు. పుట్టినప్పటి ఇంజిన్, గేరుబాక్సు అన్నీ సరిపోతే దాన్ని ‘మ్యాచింగ్ నంబర్స్’ కారంటారు. వేలంపాటలో అదే పెద్ద మాట. అన్నీ ఒకేలా ఉన్న రెండు కార్లలో ఒకదాని ఇంజిన్ మారిందని తేలితే ధర భారీగా పడిపోతుంది.

డబ్బున్న చోట దొంగ ఉంటాడు కదా! ఇంజిన్ మీదున్న పాత అంకెల్ని అరగదీసి, కావల్సిన నంబరు కొత్తగా కొట్టే మోసం అక్కడ మామూలే. దాన్ని పట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఫ్యాక్టరీలో ఇంజిన్ దిమ్మెను చదును చేసినప్పుడు ఆ చోట వెంట్రుకల్లాంటి సన్నటి సమాంతర గీతలు పడతాయి. గ్రైండరుతో అరగదీస్తే అవి చెరిగిపోతాయి. అందుకే నిపుణుడు అంకెల్ని చూడకముందు వాటి కిందున్న గీతల్ని చూస్తాడు. ఆ తర్వాత అక్షరాల ఆకారం, లోతు, వరస. ఇంజిన్ అంతా జిడ్డూ తుప్పూ ఉండి, ఆ ఒక్క చోటే అద్దంలా మెరుస్తుంటే అక్కడే అనుమానించాలి.

హవానాలో ఈ బాధ లేదు. ఇంజిన్ ఏదని అడిగితే చాలామంది డ్రైవర్లు దాచరు సరికదా, బానెట్ ఎత్తి మరీ చూపిస్తారు. ‘ఇది టొయోటా, గేరుబాక్సు మిత్సుబిషి, స్టీరింగు లాడా’ అని ఇంటికొచ్చిన చుట్టానికి పిల్లల్ని పరిచయం చేసినట్టు చెబుతారు. అందులో సిగ్గుపడాల్సింది వాళ్లకేం కనిపించదు. ఎందుకుంటుంది? ఆ అతుకులన్నీ వాళ్ల చేతులతో, వాళ్ల నాన్నల చేతులతో వేసినవే.

ఆశపడ్డ ఏడాది

ఆ అతుకులు ఒకసారి మాత్రం చాలామందిని ఆలోచనలో పడేశాయి. 2014 డిసెంబరు 17న అమెరికా, క్యూబా అధ్యక్షులు బరాక్ ఒబామా, రౌల్ కాస్ట్రో సంబంధాలు మళ్లీ కలుపుకుంటున్నట్టు ప్రకటించారు. 2015 జులైలో రాయబార కార్యాలయాలు తెరుచుకున్నాయి. 2016 మార్చిలో ఒబామా స్వయంగా హవానాలో దిగాడు. ఆంక్షలు పోతే అమెరికా నుంచి ధనవంతులొచ్చి తమ పాత కార్లు ఎగరేసుకుపోతారని ఇక్కడ కొందరు ఆశపడ్డారు. అవతలి ఒడ్డున సేకరణకర్తలు మాత్రం పెదవి విరిచారు. ఇంజిన్ వేరు, గేర్లు వేరు, పైకప్పు కోసేశారు, తుప్పు మీద మట్టి పూసి రంగేశారు... వాళ్ల కొలతలో అది 1957 షెవర్లే కాదు, దాని చొక్కా మాత్రమే!

పైగా ఈ పాత కార్లను దేశం దాటించడానికి క్యూబా ప్రభుత్వం ఒప్పుకోదు. అవి జాతి వారసత్వమంటుంది. అలా ఆ ఆశ ఆశగానే మిగిలింది.

మరి వాటి విలువ సున్నాయేనా? హవానాలో అడిగితే ఇంకో లెక్క చెబుతారు. 2010ల్లో ఇలాంటి టాపు లేని కారులో గంట షికారుకి పర్యాటకులు 30 నుంచి 50 డాలర్లు ఇచ్చేవారు. అప్పట్లో ప్రభుత్వోద్యోగి సగటు నెల జీతం 30 డాలర్లకు అటూఇటూగానే. అంటే ఓ గంటలో ఓ నెల! ఇక పర్యాటకులు ఎక్కని, రంగు వెలిసిన అల్మెండ్రోన్లు వేరే ఉన్నాయి. మన షేర్ ఆటోల్లాగా అవి ఒకే దారిలో జనాన్ని ఎక్కించుకుని, దించుకుంటూ తిరుగుతాయి. ఎటు వెళ్లాలో జనం చేతి సైగతోనే చెబుతారు. దిగేటప్పుడు తలుపు గట్టిగా వేస్తే డ్రైవరుకి ప్రాణం పోయినంత పనవుతుంది. ఆ తలుపు ఊడితే ఇంకోటి ఎక్కడ తెస్తాడు పాపం!

ఆ ఇంటి పొయ్యి వెలిగేది ఆ బండితోనే. అసలు ఇంజినే ఉంచుదామని పట్టుబట్టి ఉంటే, ఆ కార్లలో చాలావాటికి ఎప్పుడో తుప్పు పట్టి తూకానికి పోయేవి. ఇటీవలి సంవత్సరాల్లో ఇంధన కొరత పెరిగి, పర్యాటకులు తగ్గి, డీజిల్ గుండెలకీ గండమొచ్చింది. అయినా మెకానిక్‌ల చేతుల్లో స్పానర్లు ఆగలేదు.

మన ఇంటి అంబాసిడర్

ఈ కథ మనకి మరీ కొత్తదేం కాదు. ఒకప్పుడు మన ఊళ్లలో పెట్రోలు ఖర్చు భరించలేక అంబాసిడర్‌లో మెటాడోర్ డీజిల్ ఇంజిన్ పెట్టించుకున్నవాళ్లు ఎంతమందో! బండి పేరు మార్చుకునేటప్పుడు ఇంజిన్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆ ముద్ర రవాణా కార్యాలయంలో ఇచ్చిన రోజులూ గుర్తుండే ఉంటాయి. అమెరికాలో నిపుణులు చేసేదానికీ ఆ పెన్సిల్ ముద్రకీ మూలం ఒక్కటే... ఇనుము మీది అంకె, కాగితం మీది అంకె కలవాలి.

తాతగారి పాత కారు ఇంకా షెడ్డులో ఉన్నవాళ్లకి ఇప్పుడు ఇంజిన్ సంగతి మరింత ముఖ్యం. 2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలోనే ఉన్న వాటికే ఆ అవకాశం. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20 వేల రూపాయలు ఫీజు. నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అన్న అక్షరాలు వస్తాయి.

కాబట్టి అలాంటి బండి ఉన్నవాళ్లు ముందు ఆర్‌సీ పుస్తకం తీసి, అందులోని ఇంజిన్ నంబరు చూసుకోవాలి. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో ఇంజిన్ దిమ్మె మీది జిడ్డు తుడిచి, అక్కడి నంబరుతో పోల్చాలి. వైరు బ్రష్షుతో, ఎమరీ కాగితంతో గట్టిగా రుద్దితే అసలు అంకెలే అరిగిపోయి, నిజమైన బండి కూడా దొంగదానిలా కనిపించే ప్రమాదం ఉంది. మధ్యలో ఇంజిన్ మార్చి ఉంటే ఆ సంగతి ఆర్‌సీలో రాయించారో లేదో చూడాలి. పాత ఇంజిన్ పెరట్లో పడి ఉంటే పాత ఇనుము సామానుల వాడికి వేసేయకూడదు. పాత బిల్లులు చెత్త అనుకోకూడదు. కొనేవాడు అడిగినప్పుడు మార్చిన ఇంజిన్‌ని మార్చిందనే చెప్పాలి. అనుమతి తీసుకుని, ఆర్‌సీలో రాయించి ఇంజిన్ మార్చడం నేరం కాదు. మార్చలేదని అబద్ధం చెప్పి డబ్బు తీసుకోవడం నేరం.

సాయంత్రం ఆరు. మాలెకోన్ గోడ మీద జనం చేరుతున్నారు. రేవు మొదట్లో మోర్రో కోట నీడ నీళ్ల మీదికి సాగుతోంది. పొద్దున బయల్దేరిన బెల్ ఎయిర్ చివరి షికారు ముగించుకుని వస్తోంది. బానెట్ మీద బంగారు ‘వి’ ఎండకి మెరుస్తోంది. లోపల డగ్ డగ్ డగ్ డగ్... డ్రైవరు పక్క సీట్లో అతని కొడుకు. వచ్చే వారం రేడియేటరు గొట్టం మార్చాలట. ఎక్కడ దొరుకుతుందో ఇంకా తెలీదు. దొరక్కపోతే ఇద్దరూ కలిసి ఏదో ఒకటి తయారుచేస్తారు. అరవై ఏళ్లకు పైగా ఆ ఊరు చేస్తున్న పనే అది!